వాడలో పిల్లోళ్ల బడి: పాత అంగన్‌వాడీని తక్కువ డబ్బుతో నిలబెట్టుకోవడం ఎట్లా?

చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో దళితవాడలకు పోతే చాలాచోట్ల ఒక ఒంటిగది భవనం కనిపిస్తుంది. దాన్ని కొందరు బాలవాడి అంటారు, కొందరు అంగన్‌వాడీ అంటారు. మా పెద్దోళ్లు మాత్రం ఇప్పటికీ 'పిల్లోళ్ల బడి' అనే అంటారు. మిద్దె మీద గడ్డి మొలిచి ఉంటుంది. పిట్టగోడ పగుల్లోంచి రావిమొక్క తల ఎత్తి ఉంటుంది. కార్తీక మాసం వానలకు లోపల నాలుగుచోట్ల గిన్నెలు పెడతారు. కాగితాల్లో దానికి రాసుకున్న పేరు 'శిథిల భవనం'.

ఈ రెండు మాటల వెనక ఏం జరుగుతుందో మా వాడలో చూసినాను. 2021 నవంబరు వానలు అందరికీ గుర్తుండే ఉంటాయి. స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు గట్టు తెగుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించినారు. ఆ వానల్లోనే మా కేంద్రం మిద్దె పెచ్చులు రాలింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఒక ఆఫీసరు వచ్చి చూసి, 'ఇది పనికిరాదు, ఊర్లో అద్దె గది చూసుకోండి' అని చెప్పి పోయినాడు. ఊర్లో ఒకరి ఇంటి పక్క గది దొరికింది. మూడు నెలలు గడిచేసరికి మా వాడ పిల్లల్లో సగం మంది కూడా ఆ గదికి పోవడం లేదు. పిల్లలు ముందు వసారాలో నుంచి నడవకూడదు, వెనక సందులో నుంచే రావాల. ఆయా కొళాయి ముట్టుకుంటే ఇంటామెకు కోపం. ఇవేవీ రిజిస్టరులో ఎక్కవు. రిజిస్టరులో ఎక్కేది 'హాజరు తక్కువ' అన్న ఒక్క మాటే. ఆ తర్వాత వచ్చే మాట కూడా మనకు తెలుసు: 'పిల్లలు లేరు గనక కేంద్రం కలిపేస్తాం.'

కాబట్టి పాత భవనం మరమ్మతు అనేది సున్నం, సిమెంటు సంగతి మాత్రమే కాదు. ఆ గోడలు వాడలో నిలబడితేనే కేంద్రం వాడలో నిలబడుతుంది. ఈ వ్యాసం రెండు ప్రశ్నల గురించి. కేంద్రం వాడలోనే ఎందుకు ఉండాల? చేతిలో డబ్బు కొంచెమే ఉన్నప్పుడు ఏ పని ముందు చెయ్యాల, ఏది వెనక చెయ్యాల? నేను ఇంజనీరును కాదు. మా నాయన బేల్దారి మేస్త్రి. సెలవుల్లో ఆయన వెంట పోయి సిమెంటు కలిపినవాణ్ణి. ఆ పనిలో నేర్చుకున్నదీ, తర్వాత చదివి తెలుసుకున్నదీ కలిపి రాస్తున్నాను.

పేరు వెనక కథ

'అంగన్' అంటే ముంగిలి, వాకిలి. ఈ పేరు ఢిల్లీ ఆఫీసుల్లో పుట్టింది కాదు. తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ అనే ఇద్దరు మహారాష్ట్ర స్త్రీలు 1945లో బోర్డీ అనే సముద్రతీర గ్రామంలో చిన్నపిల్లల బడి మొదలుపెట్టినారు. దాని పేరు బాలవాడి. దళిత, ఆదివాసీ పిల్లలు ఆ బడిదాకా రావడం లేదని వాళ్లకు తొందరలోనే అర్థమైంది. పిల్లలు బడికి రాకపోతే బడే పిల్లల ముంగిట్లోకి పోవాల అనుకున్నారు. అట్లా దళిత, ఆదివాసీ పిల్లల వాకిళ్లలో నడిపిన బడే అంగన్‌వాడీ. 1957లో వాళ్లు వార్లీ ఆదివాసీల నడుమ కోస్‌బాడ్‌కు పోయి అక్కడే పని సాగించినారు. 1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం దేశంలో 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి పథకం ప్రారంభించింది. ఆ పథకం కింద పల్లెలో తెరిచిన కేంద్రానికి నిలిచిన పేరు కూడా అంగన్‌వాడీయే.

అంటే ఈ పేరులోనే ఒక ఒప్పుకోలు ఉంది: ఊరి నడుమ పెట్టిన బడి అందరిదీ కాదు అని. మన ప్రాంతానికి ఇది కొత్త సంగతి కాదు. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడే నాటికి ఊరి బడి అంటే దేవళం పక్కనో, అగ్రహారంలోనో, సత్రంలోనో నడిచేది. అక్కడ మన తాతలకు ప్రవేశం లేదు. మదనపల్లె వైపు ఆర్కాటు మిషన్ వాళ్లు పాలేల్లో పెట్టిన ఒంటి పంతులు బడులు, 1920ల్లో మద్రాసు ప్రభుత్వపు లేబర్ డిపార్టుమెంటు 'అణగారిన వర్గాల' కోసం పెట్టిన వేరు బడులు, ఇవే మన వాళ్లలో చాలామందికి మొదటి పలక ఇచ్చినాయి. చిత్తూరు జిల్లా ఊళ్ల జాబితాల్లో ఇప్పటికీ కొన్ని వాడల పేర్ల పక్కన 'ఏ.ఏ.డబ్ల్యు.' అనే మూడక్షరాలు కనిపిస్తాయి. ఆది ఆంధ్ర వాడ అని దాని అర్థం. వాడ వేరుగా ఉన్నంత కాలం వాడలో బడి కావాలనడం వేర్పాటు కోరడం కాదు, హక్కు కోరడం.

కోర్టు ఏం చెప్పింది

2001లో పౌరహక్కుల ప్రజాసంఘం సుప్రీంకోర్టులో వేసిన ఆహారహక్కు కేసులో వచ్చిన ఉత్తర్వులు మన కార్యకర్తలందరికీ నోటికి రావాల. 2004 అక్టోబరు 7 నాటి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ, ఎస్టీ ఆవాసాలన్నిటికీ వీలైనంత త్వరగా అంగన్‌వాడీ రావాల. అవి పూర్తయ్యేదాకా కొత్త కేంద్రాలను ఎస్సీ, ఎస్టీ జనాభా ఎక్కువున్న ఆవాసాల్లోనే పెట్టాల. పిల్లల ఆహారం సరఫరాలో కాంట్రాక్టర్లు ఉండకూడదని చెప్పింది కూడా ఆ ఉత్తర్వే. 2006 డిసెంబరు 13 నాటి ఉత్తర్వు ఇంకో మెట్టు ఎక్కింది. ఆరేళ్ల లోపు పిల్లలు 40 మంది ఉండి కేంద్రం లేని పల్లె, మురికివాడ ఏదైనా సరే అడిగితే, అడిగిన మూడు నెలల్లో కేంద్రం ఇవ్వాలని చెప్పింది.

సుఖదేవ్ థోరట్, జోయెల్ లీ ఇద్దరూ ఆంధ్రప్రదేశ్‌తో సహా ఐదు రాష్ట్రాల్లో 531 గ్రామాల్లో మధ్యాహ్న భోజనం, చౌకడిపోల మీద జరిగిన సర్వేను 2005లో ప్రకటించినారు. వివక్ష వడ్డనలో, వరసలో మాత్రమే ఉండదు, ఆ బడి, ఆ అంగడి ఏ వీధిలో ఉందన్న దాంట్లోనే మొదలవుతుందని ఆ సర్వే చూపింది. అంగన్‌వాడీకీ ఇది వర్తిస్తుంది. మూడేళ్ల పిల్ల తనంతట తాను రెండు వీధులు దాటి పోలేదు. కూలికి పొద్దున్నే పోయే తల్లి ఆమెను ఎత్తుకుని ఊర్లోకి పోయి దించి రాలేదు.

ఇక్కడొక ఎదురు ప్రశ్న వస్తుంది. వాడలో ఉంటే ఊరి పిల్లలు రారు కదా, అప్పుడు కులాలు కలిసేదెక్కడ? ప్రశ్న న్యాయమైనదే. అయితే కలవడానికి ప్రతిసారీ మన పిల్లలే నడిచిపోవాలనే నియమం ఎవరు పెట్టినారు? వాడలో మంచి భవనం, మంచి టీచరు, వేళకు గుడ్డు, పాలు ఉంటే ఊరి పిల్లలను ఇక్కడికి పంపమని అడగొచ్చు. కారే మిద్దె కింద ఉండి ఆ మాట అడగలేము.

భవనాన్ని చదవడం

పని మొదలుపెట్టే ముందు భవనాన్ని ఒక వానలో చూడాల. ఎండలో చూసి వేసిన అంచనా సగం తప్పే. వాన పడేటప్పుడు లోపల నిలబడి నీళ్లు ఏ మూల నుంచి వస్తున్నాయి, గోడ ఎంతెత్తుదాకా చెమ్మగిల్లింది, బయట నీళ్లు ఎటు పోతున్నాయి అన్నది నోటు పుస్తకంలో బొమ్మ గీసుకోవాల. అంగన్‌వాడీ టీచరు, ఆయా ఇద్దర్నీ పక్కన కూర్చోబెట్టుకోవాల. ఆ భవనం రోగం వాళ్లకు తెలిసినంత ఏ ఇంజనీరుకూ తెలియదు.

తర్వాత గోడలు చూడాల. గోడపై నుంచి తూకం దారం వేలాడదీస్తే గోడ బయటికి ఒరిగిందా లేదా తెలిసిపోతుంది. పగులు ఉంటే అది పాతదా, ఇంకా పెరుగుతున్నదా తెలుసుకోవాల. దానికి ఖర్చు లేని ఉపాయం ఉంది. పగులుకు అడ్డంగా చిన్న గాజుముక్కను రెండు వైపులా సిమెంటుతో అతికించి, పక్కన తేదీ రాయాల. రెండు మూడు నెలల్లో గాజు పగిలితే పగులు పెరుగుతున్నట్టు, అంటే పునాది కదులుతున్నట్టు. అప్పుడు పూత పూసి లాభం లేదు, ఇంజనీరును పిలవాల్సిందే. గాజు పగలకపోతే పగులు ఎప్పుడో ఆగిపోయింది. దాన్ని తవ్వి సిమెంటు మాలుతో నింపితే చాలు.

కాంక్రీటు మిద్దె అయితే కింద నుంచి కర్రతో తట్టి చూడాల. గట్టి శబ్దం వస్తే సరి. డొల్ల శబ్దం వస్తే లోపల కడ్డీ తుప్పు పట్టి ఉబ్బి, కాంక్రీటును తోసేస్తోందని అర్థం. పెచ్చు రాలి కడ్డీ కనిపించే చోట కడ్డీ సన్నబడిందా లేదా చూడాల. సన్నబడి ఉన్నా, మిద్దె నడుమ కిందికి వంగి ఉన్నా, ఆ గదిలో ఆ రోజు నుంచే పిల్లల్ని కూర్చోబెట్టకూడదు. దీంట్లో తక్కువ ఖర్చు దారి లేదు. 2025 జులై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదిలో బడి కూలి ఏడుగురు పిల్లలు చనిపోయినారు. మనం వాడలో కేంద్రం ఉండాలంటున్నది పిల్లల కోసమే. కాబట్టి పడిపోయే భవనం విషయంలో మొండితనం పనికిరాదు. అప్పుడు అడగాల్సింది వాడలోనే తాత్కాలిక చోటు: సంఘం భవనం, చర్చి గది, ఎవరింటి వసారా అయినా. ఆ తర్వాత అదే స్థలంలో కొత్త భవనం. 'ఊర్లోకి మార్చండి' అనే మాటకు మాత్రం సంతకం పెట్టకూడదు.

మొదటి రూపాయి పైకప్పుకు

భవనానికి నీళ్లే పెద్ద శత్రువు. నీళ్లు ఆగితే సగం రోగాలు ఆగుతాయి. మనకు ఈశాన్య రుతుపవనాల వానే జోరు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కాబట్టి మిద్దె పని వేసవిలో మొదలుపెట్టి వినాయక చవితిలోపల ముగించాల.

మొదట ఖర్చు లేని పని. మిద్దె ఊడ్చి, గడ్డి పీకి, రావి, మర్రి మొక్కలను వేరుతో సహా తవ్వి తీయాల. పైన కోస్తే చాలదు, వేరు మళ్లీ చిగురిస్తుంది. నీళ్లు పోయే తూములు మూసుకుపోయి ఉంటాయి, వాటిని పొడవాల. చాలా మిద్దెలు కారేది పగుళ్ల వల్ల మాత్రమే కాదు, తూము మూసుకుపోయి నీళ్లు రోజుల తరబడి నిలబడడం వల్ల.

తర్వాత పూత. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. కారినప్పుడల్లా పాత పూత మీదనే కొత్త పూత వేస్తారు. పదేళ్లకు మిద్దె మీద నాలుగు పొరలు. పొర పొరకూ బరువు పెరుగుతుంది, కింద కడ్డీకి బలం తగ్గుతుంది. వదులైన పాత పూతను ముందు తీసేయాల. ఆ తర్వాతే కొత్తది. ఒకపాలు సిమెంటు, నాలుగుపాళ్లు ఇసుక లెక్కన ముప్పావు అంగుళం మందం పూతకు 300 చదరపు అడుగుల మిద్దెకు నాలుగైదు బస్తాల సిమెంటు పడుతుంది. వాలు కోసం ఒకవైపు మందం పెంచితే దాదాపు రెట్టింపు పట్టొచ్చు. వాలు పది అడుగులకు ఒకటిన్నర అంగుళం ఉండాల. పూత వేసిన తర్వాత వారం రోజులు తడి ఆరనియ్యకూడదు. గోనెసంచులు పరిచి నీళ్లు చల్లాల. ఈ వారం నీళ్లు పట్టకపోవడం వల్లే ఎంతో మంచి సిమెంటు పని పాడవుతుంది.

మన వైపు పాత భవనాల్లో రాతిబండల మిద్దెలు కూడా ఉన్నాయి. బండ చెడదు, బండల నడుమ సందు చెడుతుంది. సందులోని పాత మాలు అంగుళం లోతు గీకి, కడిగి, కొత్త మాలుతో నింపితే చాలు. సున్నం, ఇటుకపొడి కలిపి వేసేది మన తాతల పద్ధతి. అది ఎండకు సాగుతుంది, తొందరగా పగలదు. మంగుళూరు పెంకులైతే కోతుల బెడద. జరిగిన పెంకులు సర్ది, పగిలినవి మార్చి, పురుగు తిన్న వాసాలను మాత్రమే మార్చాల, మొత్తం కప్పు విప్పే పని లేదు. ఆస్‌బెస్టాస్ రేకులు ఉంటే వాటికి కొత్త బొక్కలు పెట్టడం, పగలగొట్టడం చెయ్యకూడదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు.

ఆఖరుగా మిద్దె పైన తెల్లసున్నం. ఇది మన అమ్మలు చేసే పనే. తెల్లటి మిద్దె ఎండను వెనక్కి పంపుతుంది, లోపల వేడి రెండు నుంచి ఐదు డిగ్రీలదాకా తగ్గొచ్చు. 2023లో తెలంగాణ ప్రభుత్వం దీన్నే 'కూల్ రూఫ్' విధానంగా ప్రకటించింది. తిరుపతి ఎండల్లో ఫ్యానులేని గదికి ఇంతకన్నా చవకైన మందు లేదు.

రెండో రూపాయి నీటిదారికి

చాలా ఊళ్లలో ఊరు మెరకన ఉంటుంది, వాడ పల్లంలో ఉంటుంది. ఊరి కాలవ నీళ్లు వాడలోకే దిగుతాయి. వాడలో కేంద్రం ఇంకా పల్లంలో ఉంటుంది, ఎందుకంటే మిగిలిపోయిన స్థలమే దానికి ఇచ్చినారు. గోడ అడుగున చెమ్మ ఎక్కేది అందుకే. లోపల ఎన్నిసార్లు పూత పూసినా అది రాలుతూనే ఉంటుంది.

చుట్టూ రెండున్నర, మూడు అడుగుల వెడల్పు అరుగు, బయటికి వాలుతో, రాతిముక్కలు పరిచి మాలు పోస్తే గోడ పొడిగా ఉంటుంది. దాని పక్కన చిన్న కాలవ. ఈ రెండూ మండలంలో దొరికే రాయితో, వాడ బేల్దార్లతో అయిపోయే పనులు. కాలవను ఊరి కాలవతో కలిపి బయటికి పంపడం మాత్రం పంచాయతీ పని. దాన్ని మన నెత్తిన వేసుకోకూడదు.

మరుగుదొడ్డి ఎవరు ఎత్తాల?

చిన్నపిల్లల మరుగుదొడ్డి పెద్దోళ్ల కొలతకు కడితే వాళ్లు కూర్చోలేరు, పడిపోతామని భయపడి బయటికే పోతారు. బేసిన్ చిన్నది, పట్టుకోవడానికి ఒక కడ్డీ, చేతికి అందే ఎత్తులో కొళాయి, లోపల గడియ లేని తలుపు. ఇంతే కావాల్సింది.

అయితే మన పత్రిక పాఠకులు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. గుంత నిండితే ఎవరు దిగుతారు? సెప్టిక్ ట్యాంకు కడితే ఏదో ఒకరోజు మన మనిషినే దించుతారు. మనుషులతో పాకీపని చేయించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చినాయి. అయినా చావులు ఆగలేదు. కుప్పానికి కూతవేటు దూరంలోని కోలారు బంగారు గనుల్లో పుట్టిన బెజవాడ విల్సన్ సొంత ఇంట్లో, సొంత బంధువుల్లో ఈ పని చూసే సఫాయి కర్మచారి ఆందోళన్ వైపు నడిచినాడు. 2016లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది.

కాబట్టి అంగన్‌వాడీకి రెండు గుంతల మరుగుదొడ్డే కట్టాల. ఒక గుంత నిండితే మళ్లింపు తొట్టిలో దారి మూసి రెండో గుంతకు మళ్లిస్తారు. మూసిన గుంతలోది రెండేళ్లు ఆగితే వాసన లేని ఎరువవుతుంది, పారతో తీసి చెట్లకు వేసుకోవచ్చు. గుంతల గోడకు ఇటుకలు సందులు వదిలి కట్టాల, నీళ్లు భూమిలోకి ఇంకడానికి. రెంటి నడుమ మూడడుగులకు తగ్గని ఎడం ఉండాల. బోరుకు, బావికి దూరంగా తవ్వాల. సెప్టిక్ ట్యాంకు కంటే ఇది చవక. ఎవరూ గుంతలోకి దిగే పని లేదు. ఖర్చు, ఆత్మగౌరవం ఒకే వైపు ఉండే సందర్భాలు తక్కువ. ఇది అట్లాంటిది.

నిప్పు

2004 జులై 16న తమిళనాడు కుంభకోణంలో బడి వంటగది నిప్పు పూరికప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు కాలిపోయినారు. దిగడానికి ఉన్నది ఇరుకైన మెట్లదారి. ఆ బడి తప్పులు మన కేంద్రాల్లో ఎన్ని ఉన్నాయో లెక్క పెట్టుకోవాల.

వంట, పిల్లలు ఒకే గదిలో ఉంటే మొదట చెయ్యాల్సింది నడుమ గోడ. పైదాకా కట్టే డబ్బు లేకపోతే పిల్లలు దాటలేని ఎత్తు గోడ, తలుపు అయినా కావాల. ఇటుకను నిలువుగా పేర్చి లోపల ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ పద్ధతిలో కడితే నాలుగో వంతు ఇటుకలు మిగులుతాయి. కేరళలో లారీ బేకర్ దీన్ని వేలమందికి నేర్పినాడు. మన మేస్త్రీలు ఒక్కరోజు చూస్తే పట్టుకుంటారు. గ్యాసు సిలిండరు గోడ బయట గూట్లో ఉండాల. వంటపైన పూరికప్పు ఉండకూడదు. పిల్లల గదికి రెండో దారి ఉండాల, తలుపు బయటికి తెరుచుకోవాల. కొత్త తలుపు కొనలేకపోతే ఉన్న తలుపునే తీసి తిప్పి బిగించొచ్చు. ఒక పూట పని.

లోపల

నేల కడపబండలతో ఉంటే, ఊగే బండను ఎత్తి కింద ఇసుక సర్ది మళ్లీ పరిస్తే చాలు, కొత్త టైల్సు అక్కర్లేదు. నున్నటి టైల్సు మీద తడికాళ్ల పిల్లలు జారిపడతారు. గోడ అడుగు నుంచి మూడడుగుల ఎత్తుదాకా నల్లరంగు పూస్తే గది నాలుగు వైపులా పలక అవుతుంది. భవనాన్నే పాఠం చేసే ఈ ఆలోచనను 1990ల చివర్లో విన్యాస్ అనే సంస్థ యూనిసెఫ్ సాయంతో 'బాలా' అనే పేరుతో పెంచింది. మెట్లకు అంకెలు రాయడం, తలుపు తెరుచుకునే కోణాలు నేల మీద గీయడం, కిటికీ కడ్డీలకు పూసలు ఎక్కించి లెక్కలు నేర్పడం, ఇవన్నీ దాంట్లో భాగం. ఖర్చు దాదాపు లేదు, ఆలోచనే కావాల.

గోడ మీద బొమ్మ ఎవరిదన్నది కూడా చిన్న సంగతి కాదు. కుందేలు, ఏనుగుతోబాటు 1848లో పూనాలో ఆడపిల్లల బడి నడిపిన సావిత్రిబాయి, గోనెపట్టా చేత పట్టుకుని బడికి పోయిన పిల్లవాడు భీమ్‌రావు కనిపించాల. మా వాడ పిల్లలకు మొదట కనిపించే మనుషులు వాళ్ల మనుషులు కావాల.

రంగు ఆఖరున

మరమ్మతు అనగానే ఆఫీసుల్లో మొదట గుర్తొచ్చేది రంగు, ఎందుకంటే ఫొటోలో పడేది అదే. కారే మిద్దె కింద రంగు ఒక వానాకాలం నిలవదు. పైగా రంగుల రాజకీయం వేరే. మన రాష్ట్రంలో పంచాయతీ భవనాలకు పార్టీ రంగులు వేస్తే హైకోర్టు తీసేయమంది, 2020 జూన్‌లో సుప్రీంకోర్టు కూడా అదే తీర్పు నిలబెట్టింది. అంచనాలో రంగు మొదటి వరుసలో ఉంటే, ఆ అంచనా ఎవరి కోసం వేసినారో అనుమానించాల.

డబ్బు, కాగితం

భవనం కాగితాల మీద లేకపోతే దానికి పైసా రాదు. మొదట స్థలం ఎవరి పేరున ఉందో చూడాల. చాలా కేంద్రాలు పోరంబోకులోనో, వాడలో ఎవరో నోటిమాటగా ఇచ్చిన స్థలంలోనో ఉన్నాయి. దాన్ని పంచాయతీ తీర్మానంతో కేంద్రం పేరిట రాయించాల. రెండోది, గ్రామసభలో మరమ్మతు గురించి తీర్మానం, దాని నకలు. మూడోది అంచనా. 2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు మొదలైనప్పుడు వాటిల్లో ఇంజనీరింగ్ అసిస్టెంట్ ఉద్యోగాలు ఇచ్చినారు. అంచనా వేయించమని లిఖితంగా అడగొచ్చు.

నియమాల్లో ఏముందో తెలుసుకుంటే అడగడం సులువు. కేంద్రానికి 600 చదరపు అడుగుల కప్పున్న చోటు, విడిగా వంటగది, సరుకుల గది, పిల్లల మరుగుదొడ్డి, మంచినీళ్లు ఉండాలని పథకం నిబంధనే చెబుతుంది. 2022లో సక్షమ్ అంగన్‌వాడీ పేరుతో వచ్చిన మార్గదర్శకాలు మరుగుదొడ్డికి ఇచ్చే మొత్తాన్ని 12,000 నుంచి 36,000 రూపాయలకు, మంచినీటికి 10,000 నుంచి 17,000 రూపాయలకు పెంచినాయి. కొత్త భవనానికి 12 లక్షలు లెక్కగట్టి, దాంట్లో 8 లక్షలు ఉపాధి హామీ నుంచి, తక్కినవి ఆర్థిక సంఘం నిధులు, శిశు సంక్షేమ శాఖ నుంచి అన్నారు. ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు వేరే చట్టం చేసింది గనక, ఈ ఏడాది ఏ పద్దు కింద ఎంత వస్తుందో మండలంలో అడిగి, జవాబు కాగితం మీద తీసుకోవాల. నోటిమాట నమ్మకూడదు. 2013 నాటి ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం గడువును రాష్ట్ర ప్రభుత్వం 2023లో ఇంకో పదేళ్లు పొడిగించింది. వాడలోని కేంద్రానికి ఆ నిధుల నుంచి ఖర్చు పెట్టమని అడగడం మన హక్కు.

2019 నవంబరులో మొదలైన నాడు-నేడు కింద బడుల పనులు తల్లిదండ్రుల కమిటీల ద్వారా చేయించినారు, తర్వాతి విడతలో అంగన్‌వాడీలనూ చేర్చినారు. ఏ ప్రభుత్వం ఏ పేరు పెట్టినా, కమిటీలో వాడ తల్లులు సంతకం పెట్టేవాళ్లుగా ఉండాల, వేలిముద్ర వేసి ఇంటికి పోయేవాళ్లుగా కాదు. పని అయ్యాక కొలతల పుస్తకం నకలు సమాచార హక్కు చట్టం కింద అడగాల. ఎన్ని బస్తాలు రాసినారో, ఎన్ని వాడినారో లెక్క చూసుకునేది వాడ బేల్దార్లకు చేతకాని పని కాదు.

శ్రమదానం గురించి ఒక మాట

తక్కువ డబ్బు అనగానే 'శ్రమదానం చెయ్యండి' అంటారు. ఊరి భవనానికి కాంట్రాక్టరు, వాడ భవనానికి శ్రమదానం. తరాల తరబడి కూలి లేకుండా వెట్టి చేసినవాళ్లను ఇంకా దానం అడగడం ఏం న్యాయం? ఒక ఆదివారం మిద్దె ఊడవడం, మొక్కలు నాటడం సరే, అది మన ప్రేమ. బేల్దారి పనికి, మాలు మోసే అక్కకు కూలి ఇవ్వాల, అది అంచనాలో ఉండాల, ఆ పని వాడ వాళ్లకే దక్కాల. అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేసింది కూడా ఈ సంగతి కోసమే: సేవ అనే పేరుతో కూలి ఎగ్గొట్టొద్దని.

చివరగా

మా వాడలో ఏమైందంటారా. తల్లులు, బేల్దార్లు కూర్చుని ఒక వానాకాలం మొత్తం నోటు పుస్తకంలో రాసుకున్నారు. తట్టి చూస్తే మిద్దెలో డొల్ల ఒక్క మూలనే ఉందని తేలింది. తుప్పు గీకి, కడ్డీ శుభ్రం చేసి, ఆ మూలను కట్టి, పాత పొరలు తీసి కొత్త పూత వేసినారు. ఇంజనీరు వచ్చి చూసి బాగుందని రాసినాడు. ఆ కాగితం పట్టుకుని నాలుగుసార్లు ఆఫీసుకు తిరిగితే కేంద్రం వెనక్కి వచ్చింది. మరుగుదొడ్డి ఇంకా రాలేదు, అడుగుతూనే ఉన్నారు.

2022లో 117 నంబరు జీవోతో బడులను కలిపేసినప్పుడు వాడ బడులు పోయిన చోట్ల ఎంత గోల అయిందో చూసినాం. 2025లో ఆ జీవోను రద్దు చేసినారు. మళ్లీ ఇంకో పేరుతో అట్లాంటిది రాదని ఎవరూ చెప్పలేరు. అది వచ్చిననాడు 'శిథిల భవనం' అనే రెండు మాటలే మొదటి సాకు అవుతాయి. కార్యకర్తలు, టీచర్లు, విద్యార్థులు ఈ వేసవిలో ఎవరి వాడ కేంద్రం వాళ్లు ఒక్కసారి నిచ్చెన వేసి మిద్దె ఎక్కి చూడండి. తూములు పొడవండి. చూసింది రాసుకోండి. రాసింది గ్రామసభలో చదవండి.